పాఠం 11: నేల ఉడుత పెట్టిన కేక

11.1 పరిచయం

మీరు పదిమందితో కలిసి పొలంలో కలుపు తీస్తున్నారనుకోండి. గట్టు పక్కన పాము కనిపించింది. వెంటనే "పాము! పాము!" అని అరుస్తారు. మిగిలినవాళ్లు పక్కకు తప్పుకుంటారు. అరిచినందువల్ల మీకు వచ్చిన నష్టం ఏమీ లేదు.

ఇప్పుడు ఇంకో సంగతి ఆలోచించండి. అరిచినవాళ్ల మీదికే ఆపద వస్తుందని ముందే తెలిస్తే? అప్పుడు కూడా అందరూ అరుస్తారా? అరిస్తే ఎవరి కోసం అరుస్తారు?

అమెరికా కొండల్లో ఉండే ఒక చిన్న జంతువు బతుకులో ఈ ప్రశ్న రోజూ ఎదురవుతుంది. దాని జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

11.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- నేల ఉడుత ఏడాది పొడవునా ఎలా బతుకుతుందో వివరించగలుగుతారు.
- అది వేసే రెండు రకాల కేకలకు తేడా చెప్పగలుగుతారు.
- ఒక పని వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని పరిశీలించి అభిప్రాయం ఏర్పరచుకోగలుగుతారు.

11.3 ఇది మన ఉడుత కాదు

మన పెరట్లో జామచెట్టు మీద తిరిగే ఉడుత మీకు తెలుసు. సేతువు కట్టేటప్పుడు అది ఇసుక మోసిందనీ, శ్రీరాముడు వీపు నిమిరితే చారలు పడ్డాయనీ కథ విన్నారు. 'ఉడుతాభక్తి' అనే మాట ఆ కథ నుంచే వచ్చింది.

కాని ఉడుత జాతి జంతువులన్నీ చెట్ల మీదే ఉండవు. కొన్ని నేలలో బొరియలు తవ్వుకొని బతుకుతాయి. మన దేశంలో లదాఖ్ ఎత్తయిన ప్రాంతాల్లో కనిపించే మార్మాట్ అలాంటిదే. మనం ఈ పాఠంలో చదవబోయేది బెల్డింగ్ నేల ఉడుత గురించి. ఇది అమెరికా పడమటి భాగంలో ఉంటుంది. కాలిఫోర్నియా రాష్ట్రంలోని సియెర్రా నెవాడా పర్వతాల్లో, సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న టయోగా కనుమ దగ్గర పచ్చిక బయళ్లలో వీటిని శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి పరిశీలించారు.

దీని వీపు మీద చారలు ఉండవు. తోక పొట్టిగా ఉంటుంది. బరువు పావు కిలోకు అటూ ఇటూగా ఉంటుంది. వెనక కాళ్ల మీద నిటారుగా నిలబడి చుట్టూ చూడడం దీని అలవాటు. దూరం నుంచి చూస్తే నేలలో పాతిన గూటంలా కనిపిస్తుంది.

11.4 కొద్ది నెలల వెలుగు

ఆ కొండల మీద ఏడాదిలో ఎక్కువ కాలం మంచు ఉంటుంది. అప్పుడు తినడానికి గడ్డి ఉండదు. అందుకని ఈ ఉడుత సంవత్సరంలో ఏడెనిమిది నెలలు బొరియలోనే ముడుచుకొని పడుకుంటుంది. దీనినే శీతాకాల సుప్తావస్థ అంటారు. ఇది మామూలు నిద్ర కాదు. గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఒళ్లు చల్లబడిపోతుంది. మధ్య మధ్య కొద్దిసేపు మేలుకొని మళ్లీ ఆ స్థితిలోకి వెళుతుంది. అంతకాలమూ ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి ఆధారం.

వసంతంలో ముందుగా మగవి మంచును తవ్వుకొని బయటికి వస్తాయి. తరువాత ఆడవి వస్తాయి. కొద్ది రోజుల్లోనే జత కట్టడం పూర్తవుతుంది. దాదాపు 25 రోజులకు పిల్లలు పుడతాయి. మరో నాలుగు వారాలు తల్లి పాలు తాగి అవి బొరియ బయటికి వస్తాయి. చలి మళ్లీ వచ్చేలోగా తిని బలవాలి. ఒంట్లో కొవ్వు చాలకపోతే ఆ పిల్ల వసంతాన్ని చూడదు. పిల్లల్లో సగానికి పైగా మొదటి చలికాలంలోనే చనిపోతాయి.

మీకు తెలుసా? అలాస్కాలో ఉండే ఆర్కిటిక్ నేల ఉడుత ఒంటి వేడి సుప్తావస్థలో మైనస్ 2.9 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోతుందని బ్రయన్ బార్న్స్ అనే శాస్త్రజ్ఞుడు 1989లో ప్రకటించారు. అయినా దాని రక్తం గడ్డకట్టదు.

పాఠ్యగత ప్రశ్నలు 1
(అ) ఈ ఉడుత సంవత్సరంలో ఎన్ని నెలలు బొరియలో ఉంటుంది?
(ఆ) ఆ కాలంలో దానికి ఆధారం ఏమిటి?

11.5 తల్లీ కూతుళ్ల పేట

మన ఇళ్లలో సాధారణంగా ఆడపిల్ల అత్తవారింటికి వెళుతుంది. ఈ ఉడుతల్లో మగపిల్ల పుట్టిన చోటు విడిచి దూరంగా వెళ్లిపోతుంది. ఆడపిల్ల తల్లి బొరియకు దగ్గరలోనే ఉండిపోతుంది. కాబట్టి పచ్చికలో ఒకచోట ఉండే ఆడ ఉడుతలు చాలావరకు తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు. ఆ దగ్గరే ఉండే పెద్ద మగవాటికి అక్కడ చుట్టాలు తక్కువ.

ఈ చుట్టరికానికి విలువ ఉంది. తోటి నేల ఉడుతలే కొన్నిసార్లు పరాయి బొరియలో దూరి పాలు తాగే పిల్లలను చంపుతాయి. అప్పుడు తల్లి, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు కలిసి ఆ పరాయిదాన్ని తరిమేస్తాయి. ఒకే జాతిలో ఆదుకునేవీ ఉన్నాయి, చంపేవీ ఉన్నాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

11.6 రెండు కేకలు

ఈ ఉడుతలకు శత్రువులు రెండు వైపుల నుంచి వస్తారు. నేల మీద నుంచి తోడేలును పోలిన కొయోటె, ముంగిసను పోలిన వీజిల్ వస్తాయి. ఆకాశం నుంచి డేగలు వస్తాయి.

నేల మీది శత్రువు కనిపిస్తే ఒక ఉడుత నిలబడి గొలుసుకట్టుగా కిచకిచమని కేక వేస్తుంది. డేగ కనిపిస్తే కేక వేరు. సన్నగా, పదునుగా ఈల వేసినట్టు ఉంటుంది. కేక వినగానే మిగిలినవి జాగ్రత్తపడతాయి.

చూడడానికి రెండూ ఒకటే పని. రెండూ త్యాగంలాగే కనిపిస్తాయి. నిజంగా అంతేనా?

11.7 లెక్క ఏం చెప్పింది?

పాల్ షెర్మన్ అనే అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు 1974లో టయోగా కనుమ దగ్గర పరిశీలన మొదలుపెట్టారు. ఆయనా, ఆయన సహచరులూ ఉడుతలను పట్టి, గుర్తు కోసం ఒంటి మీద రంగు వేసి వదిలారు. ఏది ఏ తల్లి బిడ్డో రాసుకున్నారు. మొదటి మూడేళ్లలోనే మూడు వేల గంటలకు పైగా పచ్చికలో కూర్చొని చూశారు. శత్రువు వచ్చిన ప్రతిసారీ కేక వేసింది ఎవరు, దొరికిపోయింది ఎవరు అని నమోదు చేశారు. ఆ తరువాతి సంవత్సరాల వివరాలు కూడా కలిపి చూస్తే ఇలా తేలింది:

- నేల మీది శత్రువు వచ్చినప్పుడు: కేక వేసినవాటిలో నూటికి 8, వేయనివాటిలో నూటికి 4 చిక్కాయి.
- డేగ వచ్చినప్పుడు: కేక వేసినవాటిలో నూటికి 2, వేయనివాటిలో నూటికి 28 చిక్కాయి.

ఈ అంకెలను మరోసారి చదవండి. డేగను చూసి కేక వేసినది తప్పించుకుంటోంది. ఆ కేకతో అన్నీ ఒక్కసారిగా పరుగెత్తుతాయి. ఆ గందరగోళం కేక వేసినదానికే మేలు చేస్తుంది. కాబట్టి అది ప్రాణరక్షణకు వేసే కేక. కొయోటెను చూసి వేసే కేక అలాంటిది కాదు. అది శత్రువు చూపును తనవైపు తిప్పుతుంది. ప్రమాదం రెట్టింపవుతుంది.

మరి ఆ ప్రమాదాన్ని నెత్తిన వేసుకునేది ఎవరు? దీనికి జవాబును షెర్మన్ 1977లోనే ప్రకటించారు. ఈ కేక ఎక్కువగా వేసేవి ఆడవి. వాటిలోనూ దగ్గరలో చుట్టాలున్నవి. కూతుళ్లు లేకపోయినా తల్లో, అక్కచెల్లెళ్లో బతికి ఉన్న ఆడవి, ఎవరూ లేని ఆడవాటికంటే ఎక్కువగా కేక వేశాయి. చుట్టాలు లేని మగవి చాలా తక్కువగా వేశాయి.

పాఠ్యగత ప్రశ్నలు 2
(అ) ఏ శత్రువును చూసి వేసే కేక కేక వేసినదానికే మేలు చేస్తుంది?
(ఆ) నేల మీది శత్రువును చూసి ఎక్కువగా కేక వేసేవి ఏవి?

11.8 దీనికి కారణం

తల్లి జన్యువుల్లో సగం బిడ్డలో ఉంటాయి. అక్కచెల్లెళ్లలో కూడా ఒకే రకమైన జన్యువులు చాలా ఉంటాయి. ఒక ఉడుత తాను చనిపోయినా, దాని కేక విని తల్లి, చెల్లెలు, కూతుళ్లు బతికితే ఆ జన్యువులు తరువాతి తరానికి అందుతాయి. కేక వేసే స్వభావం కూడా వాటితోనే అందుతుంది. బంధువుల మేలు కోసం పడే నష్టం ఈ విధంగా ప్రకృతిలో నిలబడగలదని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు విలియం హామిల్టన్ 1964లో గణితంతో వివరించారు. షెర్మన్ పరిశీలన దానికి మంచి ఉదాహరణ అయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఉడుత కూర్చొని లెక్కలు వేయదు. "నా జన్యువులు బతకాలి" అనుకోదు. కేక వేసే గుణం ఉన్న కుటుంబాలు ఎక్కువగా మిగిలాయి, అంతే. అలాగే ఈ లెక్కను తెచ్చి మనుషులకు అతికించకూడదు. మనిషి ముక్కూ ముఖం తెలియనివాడి కోసం కూడా వరదలో దూకుతాడు. అలా దూకాలని ఆలోచించి నిర్ణయించుకోగలడు.

11.9 సారాంశం

బెల్డింగ్ నేల ఉడుత ఏడాదిలో ఎక్కువ భాగం సుప్తావస్థలో ఉంటుంది. ఆడవి చుట్టాల మధ్య, మగవి దూరంగా జీవిస్తాయి. డేగను చూసి వేసే కేక తన కోసం. నేల మీది శత్రువును చూసి వేసే కేక తనవాళ్ల కోసం. రెండూ ఒకలా కనిపించినా, నష్టం ఎవరిది, లాభం ఎవరిది అని లెక్క చూస్తేనే తేడా తెలిసింది.

11.10 మాటలు – అర్థాలు

బొరియ = నేలలో తవ్విన గూడు
గూటం = నేలలో దిగగొట్టే కొయ్య
నమోదు చేయు = చూసినది రాసి ఉంచు

భాషాంశం: స్వ + అర్థం = స్వార్థం; పర + అర్థం = పరార్థం. రెండూ సవర్ణదీర్ఘ సంధులు. 'స్వ' అంటే తన, 'పర' అంటే ఇతరుల. ఉడుత వేసే రెండు కేకల్లో ఏది స్వార్థం? రెండోదాన్ని పూర్తిగా పరార్థం అనవచ్చా? మీ కారణాలు రాయండి.

11.11 కృత్యం

మీ ఇంటి దగ్గర ఉడుతలు తిరిగే చోటు ఒకటి ఎంచుకోండి. వారం రోజులు, రోజూ ఒకే వేళకు అరగంట కూర్చొని చూడండి. పిల్లో కాకో వచ్చినప్పుడు ఏ ఉడుత అరిచింది, తోక ఎలా ఆడించింది, మిగిలినవి ఏం చేశాయి అని తేదీ వేసి రాసుకోండి. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఓపిక చాలు. చూసింది మాత్రమే రాయండి. అనుకున్నది రాయకండి.

11.12 పాఠాంత ప్రశ్నలు

1. నేల ఉడుత సంవత్సర జీవితాన్ని పది వాక్యాల్లో రాయండి.
2. ఆడవి పుట్టిన చోటే ఉండిపోవడానికీ, కేక వేయడానికీ ఉన్న సంబంధం ఏమిటి?
3. చూడడానికి త్యాగంలా కనిపించి, నిజానికి చేసినవారికే మేలు చేసే పని ఒకటి మీ అనుభవం నుంచి రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు
1. (అ) ఏడెనిమిది నెలలు (ఆ) ఒంట్లో దాచుకున్న కొవ్వు
2. (అ) డేగ (ఆ) దగ్గరలో చుట్టాలున్న ఆడవి