చెరువు గట్టు మీదే రోగ పరీక్ష: నానో సెన్సర్లలో కెరీర్

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. కారణం తేల్చడానికి నమూనాలు ఢిల్లీకీ హైదరాబాద్‌కూ వెళ్లాల్సి వచ్చింది. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పేదాకా ఊరు ఊరంతా భయంతో గడిపింది. అలాంటి పరీక్ష రోగి మంచం పక్కనే చేయగల పరికరాల కోసం పనిచేసేదే నానో సెన్సర్ల రంగం.

ఇదేదో అందని విద్య కాదు. మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ స్ట్రిప్ మీద ఎర్ర గీత చాలా కిట్లలో నానో బంగారు రేణువులదే. వాటికి అంటించిన యాంటీబాడీ, గర్భధారణ హార్మోన్‌ను పట్టుకుంటుంది. కొల్లేరు చుట్టూ రొయ్యల చెరువులకు వైట్‌స్పాట్ వైరస్ సోకితే వారం పది రోజుల్లో పంటంతా పోవచ్చు. అక్కడ గట్టు మీదే ఫలితం చెప్పే స్ట్రిప్ విలువ రైతుకు వేరే చెప్పాలా?

కోర్సు పేరులో ‘నానో’ ఉందా అని వెతక్కండి. ముందు ఒక మూల విద్యలో గట్టిపడాలి. 2015లో మొదలైన తాడేపల్లిగూడెం నిట్‌లో బయోటెక్నాలజీ, ఈసీఈ, కెమికల్, మెటలర్జీ ఏది చదివినా ఇటు రావచ్చు. బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకు ఎంఎస్సీలో చేరడానికి ఐఐటీ జామ్, ఎంటెక్‌కు గేట్ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. కాలేజీలో క్లీన్‌రూమ్ లేదని ఆగిపోనక్కర్లేదు. ఐఎన్‌యూపీ పథకం కింద ఐఐఎస్సీ, ఐఐటీ బాంబే వంటి చోట్ల నానో ల్యాబుల్లో బయటి కాలేజీల వాళ్లకూ శిక్షణ, పరిశోధనకు అవకాశం ఇస్తారు.

నన్నడిగితే మొదటి పాఠం మీ కెమిస్ట్రీ ల్యాబులోనే ఉంది. లెక్చరర్ దగ్గరుండగా, మరుగుతున్న పలుచని గోల్డ్ క్లోరైడ్ ద్రావణంలో సోడియం సిట్రేట్ కలపండి. కాసేపటికి ఎర్రటి నానో బంగారం తయారవుతుంది. చల్లారాక అందులో ఉప్పునీళ్లు పోయండి. రేణువులు ఒకదానికొకటి అతుక్కుని రంగు నీలానికి తిరుగుతుంది. శుద్ధమైన నీళ్లలో చక్కగా పనిచేసిన సెన్సర్ లవణాలుండే చెరువు నీళ్లలో, రక్తంలో ఎందుకు తడబడుతుందో అప్పుడు అర్థమవుతుంది. ఆ తడబాటును సరిచేయగలిగినవాళ్లకే ఈ రంగంలో గిరాకీ.

ఉద్యోగాలకు హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ, విశాఖ మెడ్‌టెక్ జోన్ వైపు చూడండి. డిగ్రీతో కిట్ల నాణ్యత పరీక్షల్లో మొదలుపెట్టొచ్చు. కొత్త సెన్సర్ల డిజైన్‌కు ఎంటెక్ లేదా పీహెచ్‌డీ దాదాపు తప్పదు.

ఫైనలియర్ ప్రాజెక్టుగా వైట్‌స్పాట్ స్ట్రిప్ తయారుచేస్తుంటే, కైకలూరులోనో భీమవరంలోనో ఒక ఆక్వా ల్యాబ్‌ను ఒప్పించండి. వాళ్ల పీసీఆర్ పరీక్ష ఫలితంతో మీ స్ట్రిప్ ఫలితాన్ని పోల్చి, ఏ నమూనాలో ఎందుకు తప్పిందో కూడా రికార్డులో రాయండి.