నాణేలు కొనకండి, చదవడం నేర్చుకోండి

‘మా వాడికి పాత నాణేల పిచ్చి. ఆ వ్యాపారంలో లక్షలొస్తాయట కదా సార్?’ తల్లిదండ్రులు ఈమధ్య తరచూ అడుగుతున్నారు. హిస్టరీ అన్నం పెట్టదని నిన్నటిదాకా కొట్టిపారేసినవాళ్లే, ఫోన్‌లో ఓ వీడియో చూడగానే పిల్లాడి ఆసక్తికి రేటు కట్టేస్తున్నారు. నిన్నటి మాటా తప్పే, ఈనాటి ఆశా తప్పే.

ఇందులో అసలు పనేమిటో రోమన్ వెండి నాణెం దినారియస్‌నే తీసుకుని చూడండి. మొదట తూకం. ఆగస్టస్ కాలంలో సుమారు 3.9 గ్రాములుండేది, క్రీ.శ. 64లో నీరో దాన్ని 3.4కు దించేశాడు. చక్రవర్తి తలపై ఆకుల దండకు బదులు కిరణాల కిరీటముంటే అది సాధారణంగా దినారియస్ కాదు, 215లో కారకల్లా తెచ్చిన ఆంటోనినియానస్. అంచు చుట్టూ ఉన్న పొడి అక్షరాలు లాటిన్ బిరుదులు. ట్రిబ్యూన్ అధికారం ఎన్నోసారి దక్కిందో వాటిలో అంకె ఉంటే, నాణెం ఏ ఏడాదిదో దాదాపుగా తేలిపోతుంది.

ఈ విద్య మనకు దూరంది కాదు. నల్లగొండ జిల్లాలోనూ ఇలాంటి రోమన్ నాణేల నిధి బయటపడింది. దక్షిణాదిలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు: మనవలు గైయస్, లూసియస్ డాళ్లతో నిలబడిన ఆగస్టస్ నాణెం, కూర్చున్న స్త్రీమూర్తి ఉన్న టైబీరియస్ నాణెం. ముందు ఈ రెంటినీ క్షుణ్ణంగా నేర్చుకోండి. అందుకు అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారి రోమన్ నాణేల డేటాబేస్ ‘ఓక్రే’ ఇంటర్నెట్‌లో ఉచితం.

ఇక ఖర్చు సంగతి. నేర్చుకోవడానికి నాణేలు కొనొద్దు. రాగి మీద వెండి పూత పూసిన దొంగ దినారియస్‌లు రోమన్ల కాలంలోనే ఉన్నాయి. నేటి నకిలీల గురించి చెప్పేదేముంది? కొత్తవాడు కొన్నాడంటే మోసపోవడానికి ఫీజు కట్టినట్టే. ‘వారాంతంలో నాణేల నిపుణులు కండి’ అనే సర్టిఫికెట్ కోర్సులకూ దూరంగా ఉండండి. ఉద్యోగానికి అడిగేది పీజీ డిగ్రీ, ఆ కాగితం కాదు. పైగా 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. లైసెన్సు లేకుండా దాంతో వ్యాపారం చేసినా, దేశం దాటించినా నేరం. పొలంలో నిధి దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలి. ఇది వేరే చట్టం, 1878 నుంచీ ఉంది.

అర్హత సంగతి ఒక్క మాటలో: ఏదైనా డిగ్రీ, ఆపైన ప్రాచీన చరిత్ర లేదా పురావస్తు శాస్త్రంలో ఎంఏ. ఉస్మానియా, పుణెలోని డెక్కన్ కాలేజీ మంచి చోట్లు. నన్నడిగితే బీఎస్సీ కెమిస్ట్రీ చదివి లోహ సంరక్షణ వైపు వెళ్లడం ఇంకా భద్రం. నాణేలు తగ్గినా మ్యూజియంలో పని తగ్గదు. లాటిన్‌తోపాటు బ్రాహ్మీ లిపి కూడా వస్తే శాసనాల దారీ తెరుచుకుంటుంది. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు అరుదు. అందుకే నెట్ రాసి అధ్యాపక వృత్తి దారినీ ఉంచుకోండి.

తల్లిదండ్రులకో మాట. బలవంతంగా ఎంపీసీలో వేయడమూ, ఇష్టాన్ని బలవంతంగా సంపాదనలోకి దించడమూ ఒకే రకం ఒత్తిడి. ఇంటర్ పిల్లాడు నాణేల పుస్తకం పట్టుకుని కూర్చుంటే ‘దీనివల్ల ఎంతొస్తుంది’ అని అడగకండి. సెలవుల్లో హైదరాబాద్ స్టేట్ మ్యూజియంకు తీసుకెళ్లండి. డిగ్రీ పూర్తయ్యేదాకా అంతకుమించి పెట్టుబడి అక్కర్లేదు.