నిలిచియున్న యంత్రములు – నిలువని బ్యాటరీలు

తెలుగు చెప్పుకొనువానికి బ్యాటరీలతో ఏమి పని అని మా విద్యార్థులు నవ్వుకొనవచ్చును. పని ఉన్నది. అది ఎట్లు వచ్చి పడినదో వ్యాసమధ్యమున విన్నవించెదను. మా భౌతికశాస్త్ర శాఖ మిత్రులు దీనిని తమ పొలములో పరాయి నాగలిగా భావింపరాదని మాత్రము ముందుగా మనవి.

జర్మనీ, ఇంగ్లండు, అమెరికాలోని ఉత్తర రాష్ట్రములు మొదలగు శీతలదేశములలో స్పోర్ట్స్ కారులు గలవారు నవంబరు వచ్చుసరికి వాటిని షెడ్డులో పెట్టి గుడ్డ కప్పివేయుదురు. అక్కడ మంచు కరగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పు కారు అడుగుభాగమును తినివేయును గనుక వెలగల వాహనమును చలికాలమున బయటికి తీయరు. మార్చి, ఏప్రిల్ నెలలలో గుడ్డ తొలగించి తాళపుచెవి త్రిప్పినప్పుడు కారు పలుకదు. నాలుగు నెలలు కదలక మెదలక ఉన్న కారులో చెడిపోవుటకు ఏమున్నది? యంత్రము విశ్రమించినది గాని బ్యాటరీ విశ్రమింపలేదు. ఈ చిక్కు ఆ కారుల తయారీదారులకును తెలిసినదే. ఫెరారీ వంటి కారులకు బ్యాటరీని నిండుగా నిలిపియుంచు ప్రత్యేకమైన చార్జరులు కలవు. కారు షెడ్డులో ఉన్నంత కాలము దాని తీగ గోడకు తగిలించియే ఉంచెదరు.

మన నెల్లూరు తీరమున మంచు లేదు. అట్టి కారులును అరుదు. కాని యంత్రమును నెలల తరబడి మూలనుంచు కాలము మనకును ఒకటి ఉన్నది. ఏటేట ఏప్రిల్ 15వ తేదీ నుండి జూన్ 14వ తేదీ వరకు తూర్పుతీరమంతట యంత్రపు బోట్లకు సముద్రపు వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఈ నియమము. 2015కు పూర్వము ఇది 47 దినములుండగా అటుపిమ్మట 61 దినములైనది. జువ్వలదిన్నె మొదలు కృష్ణపట్నము వరకు ఏ రేవునకు పోయి చూచినను ఆ రెండు నెలలు బోట్లు వరుసగా నిలిచియుండును. వలలు బాగుచేయుదురు, చెక్కకు రంగు వేయుదురు, ఇంజను విప్పి చూతురు. బ్యాటరీ సంగతి మాత్రము జూన్ 14 రాత్రి గుర్తునకు వచ్చును. చేతితో త్రిప్పి నడుపుకొను చిన్న ఇంజనుల వారికి ఈ బాధ లేదు. సెల్ఫ్ మీద ఆధారపడిన పెద్ద డీజిలు ఇంజనుల వారికే ఇది.

ఈ బ్యాటరీ క్రొత్త వస్తువు కాదు. 1859లో గాస్తోఁ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెండు సీసపు రేకులను గంధకామ్లములో ముంచి, విద్యుత్తును దాచుకొని మరల ఈయగల సంచాయక ఘటమును కనిపెట్టెను. నేటికిని కారులలో, బోట్లలో మనము వాడునది దాని సంతతియే. పన్నెండు ఓల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్క గది ఇంచుమించు 2.1 ఓల్టుల నిచ్చును. విద్యుత్తును వాడుకొనునప్పుడు ఆమ్లములోని గంధకాంశము పలకలను చేరి సీసపు సల్ఫేటుగా మారును, ఆమ్లము పలుచనగును. చార్జి చేసినప్పుడు ఆ సల్ఫేటు కరిగి మరల ఆమ్లమగును. ఇంతే దీని రాకపోకలు.

చిక్కు ఎక్కడనగా, తీగలన్నియు విప్పి పెట్టినను లోపల ఈ మార్పు కొంత కొంత జరుగుచునే ఉండును. దీనిని స్వయంక్షయము అనవచ్చును. క్రొత్తగా ఏర్పడిన సల్ఫేటు మెత్తగా ఉండి చార్జి చేయగానే కరగును. వారములు, నెలలు గడచినచో అది గట్టి స్ఫటికములుగా పేరుకొని పలకలకు పెచ్చువలె పట్టును. అప్పుడు ఎంత చార్జి పెట్టినను పూర్తిగా కరగదు. కావున ఖాళీగా విడిచిన బ్యాటరీని తరువాత నింపుకొనవచ్చునులే అనుకొనుట పొరపాటు. నింపుటకు పాత్రయే కుంచించుకొని పోవుచున్నది. వారము రోజులు ఖాళీగా ఉన్న బ్యాటరీకిని, రెండు నెలలు ఖాళీగా ఉన్న బ్యాటరీకిని గల భేదము ఇది.

ఇక వేడిమి మాట. శీతలదేశపువారు చలికి భయపడుదురు. వారి భయమునకు కారణము వేరు. నిండుగా ఉన్న బ్యాటరీలోని ఆమ్లము సున్నకు దిగువ యాభై డిగ్రీల చలికిని గడ్డకట్టదు. ఖాళీ అయినదానిలో నీటి పాలు హెచ్చగుటచే సున్నకు దిగువ పది డిగ్రీల ప్రాంతముననే గడ్డకట్టి పెట్టె పగులును. అంతకు మించి చలి బ్యాటరీకి మిత్రమే, ఏలయనగా స్వయంక్షయమును మందగింపజేయును. స్థూలమైన లెక్క ప్రకారము పది డిగ్రీల వేడి పెరిగినప్పుడెల్ల ఈ క్షయము రెండింతలగును. అక్కడి షెడ్డులో 5 డిగ్రీలున్నవనుకొందము. మే నెలలో మన రేవులోని రేకుల షెడ్డులో రాత్రింబవళ్ళు కలిపి సగటున 35 డిగ్రీలకు తక్కువ ఉండదు. భేదము 30 డిగ్రీలు, అనగా మూడుమారులు రెండింతలు, ఎనిమిది రెట్లు. అక్కడ నాలుగు నెలలలో పోవునది ఇక్కడ పదునైదు దినములలో పోవును. మన 61 దినముల నిషేధకాలము, బ్యాటరీ దృష్టిలో, పదునారు నెలల చలికాలముతో సమానము! రోళ్ళు పగులునని పేరుబడ్డ రోహిణీకార్తె కూడ ఆ దినములలోనే వచ్చును. ఫెరారీ యజమానికంటె మన బోటు యజమానికే చార్జరు అవసరము హెచ్చు అనుట ఇందువలననే.

దీనికి తోడు ఉప్పుగాలి. బ్యాటరీ మూతపై దుమ్ము, తేమ, ఉప్పు కలిసి ఒక పొరగా ఏర్పడినచో రెండు టెర్మినల్స్ నడుమ అదియే ఒక సన్నని తీగవలె పనిచేసి విద్యుత్తును హరించును. టెర్మినల్స్ చుట్టు ఏర్పడు తెల్లని పూతను తినే సోడా కలిపిన నీటితో కడిగి, మంచినీటితో తుడిచి, ఆరిన పిమ్మట వాజిలీను రాయుట మంచిది. సోడానీరు గదులలోనికి పోకుండ మూతలు బిగించి చేయవలెను. సిమెంటు నేలపై పెట్టిన బ్యాటరీ చార్జిని నేల పీల్చునని కొందరందురు. చెక్కతోను, గట్టి రబ్బరుతోను పెట్టెలు చేసిన దినములలో ఆ మాటలో కొంత నిజముండెడిది. ఇప్పటి ప్లాస్టిక్కు పెట్టెలకు ఆ భయము లేదు. చెక్కపై పెట్టువారిని పెట్టుకొననిండు, నష్టము లేదు.

నా కథ ఇప్పుడు చెప్పవలెను. మా మామూ కువైటులో ఉద్యోగము చేయుచు నెల్లూరిలో ఒక కారు కొని, తాళపుచెవి నా చేతికిచ్చి, "బేటా, వారానికొకసారి స్టార్ట్ చేస్తూండు, చాలు" అని చెప్పి విమానమెక్కిరి. నేను ప్రతి శుక్రవారము నమాజు ముగించి వచ్చి, ఐదు నిమిషములు ఇంజనును నడిపి ఆపివేయుచుంటిని. పెద్దల మాట నిలుపుచున్నానని తృప్తి. వానకాలమున రెండు మూడు వారములు అదియు తప్పినది. ఒకనాటి అర్ధరాత్రి మా నానీకి ఆయాసము హెచ్చగా కారు తీయబోతిని. తాళపుచెవి త్రిప్పగా టక్కుమను చప్పుడు తప్ప వేరు లేదు. ఇరుగుపొరుగువారు లేచి వచ్చి త్రోసిరి, అదియు ఫలింపలేదు. చివరికి వీధి చివర ఆటో దొరకినది. నానీ నాలుగు దినములలో కోలుకొనిరి. ఆ ముప్పావు గంట మాత్రము నాకు ఇప్పటికిని మరపునకు రాదు. మరునాడు బ్యాటరీ షాపు కుర్రవాడు మీటరు పెట్టి చూచి, "సార్, బ్యాటరీ కాదు తప్పు, మీరు పెట్టిన ఐదు నిమిషాలది" అని నవ్వినాడు. ఈ విషయమున నేను శ్రద్ధగా చదువుట మొదలైనది ఆ దినముననే.

అతడన్నది యథార్థము. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు ఆల్టర్నేటరు ఇచ్చునది స్వల్పము. ఐదు నిమిషములలో వారము దినముల నష్టము తీరదు. పైగా నేటి కారులలో గడియారము, దొంగల అలారము, లోపలి కంప్యూటరు కారు నిద్రించుచున్నప్పుడును కొంత విద్యుత్తును త్రాగుచునే ఉండును. ఆ పరిమాణము 0.03 ఆంపియరు మాత్రమే అనుకొందము. దినమునకు 24 గంటల చొప్పున 61 దినములకు లెక్కింపగా దాదాపు 44 ఆంపియరు-గంటలు. చిన్న కారు బ్యాటరీ మొత్తము 35 ఆంపియరు-గంటలే! బోటు విషయమున ఈ ఐదు నిమిషముల ఉపాయము మరింత ప్రమాదకరము. ఒడ్డునకు లాగిన బోటులో చల్లార్చుటకు సముద్రజలము అందదు. ఇంజనును నడిపినచో నీటిపంపులోని రబ్బరు చక్రము కాలిపోవును.

మరి చేయవలసినదేమి? నిషేధము మొదలగు దినముననే బ్యాటరీని నిండుగా చార్జి చేసి, బోటునుండి విప్పి, నీడగల, గాలి తగులు చోటికి చేర్చవలెను. విప్పునప్పుడు ముందుగా నెగెటివు తీగను, తగిలించునప్పుడు చివరగా దానినే. ఈ వరుస తప్పినచో పానా ఇంజను ఇనుమును తాకి నిప్పురవ్వ లేచును. చార్జి చేయునప్పుడు ఉదజని, ఆమ్లజని వాయువులు వెలువడును గనుక ఆ గదిలో బీడీ సైతము వెలిగింపరాదు. చార్జింగు ప్రవాహము బ్యాటరీ శక్తిలో పదియవ పాలు చాలును. 100 ఆంపియరు-గంటల దానికి 10 ఆంపియరులు. తరువాత చార్జరు తీసివేసి కొన్ని గంటలు ఆగి మీటరు పెట్టినచో 12.6 ఓల్టులుండవలెను. 12.4 అయినచో నాలుగవ వంతు ఖాళీ, 12.2 అయినచో సగము ఖాళీ. మన వేడికి ప్రతి పదునైదు దినములకొకసారి చూచి, 12.4కు దిగినచో మరల నింపవలెను. గదులపై మూతలు గల బ్యాటరీ అయినచో పలకలు మునుగునట్లు డిస్టిల్డ్ వాటరు పోయవలెను. ఆమ్లము పోయరాదు, పోయినది నీరేగాని ఆమ్లము కాదు.

ఒకసారి నింపి విడుచుటకు బదులు సన్నని ప్రవాహముతో ఎల్లప్పుడు నిండుగా ఉంచు చార్జరులు ఇప్పుడు మన బజారులోను దొరకుచున్నవి. వాటిలో మంచివి నిండిన పిమ్మట తామే తగ్గును. చవక చార్జరు తగ్గదు. రాత్రింబవళ్ళు కాచి నీటిని ఆవిరి చేసి పలకలను ఎండగట్టును. సాధారణముగా ఇట్లు నిలుపుటకు 13.5 ఓల్టుల ప్రాంతము తగినది. 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకి 0.02 ఓల్టు చొప్పున తగ్గింపవలెను. 40 డిగ్రీల ఎండలో 13.2 చాలునన్నమాట. చలిదేశములకై చేసిన చార్జరును ఇక్కడ పెట్టువారు ఈ తగ్గింపు దానిలో ఉన్నదో లేదో చూచుకొనవలెను. కరెంటు లేని రేవులలో 20 వాట్ల సౌరఫలకము, దానికొక కంట్రోలరు ఉన్నచో మన ఎండలో దినమునకు ఐదారు ఆంపియరు-గంటలు లభించును. బ్యాటరీని ఎండగట్టు సూర్యుడే దానిని నింపుటయు చూడ ముచ్చటగా నుండును.

1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ మన పొరుగున తిరుపతి చేరువ కరకంబాడిలో బ్యాటరీలను తయారుచేయుచున్నది. ఇప్పటి మూత తెరువనక్కరలేని రకములలో సీసమునకు కాల్షియము కలుపుదురు. వాటి స్వయంక్షయము పాత ఆంటిమొని రకముల కంటె చాల తక్కువ. బోటు నిలిపి ఉంచువారు కొనునప్పుడు ఈ భేదమును అడిగి తెలిసికొనుట మేలు.

బోటు సంగతిలో పోవునది ఒక దినపు వేట. రొయ్యల గుంటల సంగతి అట్టిది కాదు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు మండలములలో వెనామీ రొయ్యలను ఒత్తుగా పెంచు గుంటలలో నీటిని చిలుకు ఏరేటర్లే వాటి ఊపిరి. రాత్రి నీటిలోని సూక్ష్మమైన పాచి కూడ ఆమ్లజనిని వాడుకొనుటచే తెల్లవారుజామున అది అత్యల్పముగా ఉండును. ఆ వేళ కరెంటు పోయినచో గట్టుమీది జనరేటరు వెంటనే పలుకవలెను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వంటివి వచ్చినప్పుడు కరెంటు ఎప్పుడు పోవునో, ఎప్పుడు వచ్చునో ఎవరు చెప్పగలరు? జనరేటరు నెలలో అధికభాగము నిలిచియుండునదే. దాని బ్యాటరీ ఆ తేమలో, ఆ ఉప్పులో నిలిచియే క్షీణించును. పలుకకున్నచో కొన్ని గంటలలో నాలుగు నెలల పంట తెల్లగా తేలును. మా తరగతులలో గుంటలపై బ్రదుకు కుటుంబముల పిల్లలు కొందరున్నారు. ఫీజు కట్టు నెలలో ఇంటినుండి ఏ కబురు వచ్చునో అని వారు ఎదురుచూచుట నేనెరుగుదును.

కావున జనరేటరు బ్యాటరీకి ఓల్టులు చూచుట మాత్రమే చాలదు. పలకలపై పెచ్చు కట్టిన బ్యాటరీ ఊరకున్నప్పుడు 12.6 చూపి, సెల్ఫ్ కొట్టగానే కూలబడును. మీటరు తగిలించియుంచి ఒకరు సెల్ఫ్ కొట్టుచుండగా మరొకరు ముల్లును చూడవలెను. 9.6 ఓల్టులకు దిగువకు పోయినచో ఆ బ్యాటరీ వయస్సు తీరినదే. వారమునకొకసారి, కరెంటు ఉన్న పగటివేళ, జనరేటరును ఏరేటర్ల భారముతో అరగంట నడిపి ఈ పరీక్ష చేయవచ్చును. ఆ తేదీని, అంకెను ఒక చిన్న నోటుపుస్తకములో వ్రాసి జనరేటరు షెడ్డులోనే మేకునకు వ్రేలాడగట్టినచో రాత్రి కాపలా మారినప్పుడు క్రొత్తవాడును చదువుకొనును.