తన దగ్గర లేకపోతే పైన అడుగు!



కంప్యూటర్ పీరియడులో నేర్చుకున్న జావాస్క్రిప్ట్ పాఠాల్లో నాకు బాగా నచ్చినది 'ప్రోటోటైప్'. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ గారు ఈ భాషను తయారుచేశారు. ప్రోటోటైప్ పద్ధతిని అంతకుముందే ఉన్న 'సెల్ఫ్' అనే భాష నుంచి తీసుకున్నారు.

హాస్టల్ ఆరోగ్య రిజిస్టరును కంప్యూటర్లో రాస్తున్నాం అనుకోండి. మొదట 'విద్యార్థి' అనే ఆబ్జెక్ట్ రాస్తాం. అందులో రెండే సంగతులు: గది 1, మందులు అనే ఖాళీ జాబితా. తర్వాత ఆబ్జెక్ట్.క్రియేట్(విద్యార్థి) అని రెండుసార్లు రాసి 'అన్న', 'తమ్ముడు' అనే రెండు ఆబ్జెక్టులు పుట్టిస్తాం. ఈ సౌకర్యం 2009లో వచ్చింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అన్నలో గాని తమ్ముడిలో గాని ఏమీ ఉండదు! విద్యార్థిని కాపీ చెయ్యరు, దానితో లంకె మాత్రం వేస్తారు. తమ్ముడి గది ఎంత అని అడిగితే కంప్యూటర్ ముందు తమ్ముడిలో వెతుకుతుంది. లేదు. అప్పుడు పైనున్న విద్యార్థిని అడిగి '1' అని చెబుతుంది. అక్కడా లేకపోతే ఇంకా పైకి పోతుంది. చివరిదాకా దొరక్కపోతే 'అన్‌డిఫైన్డ్' అంటుంది.

తమ్ముడి గది 2 అని రాస్తే? తమ్ముడికి సొంతంగా గది వస్తుంది. విద్యార్థిలో 1 అలాగే ఉంటుంది. అన్నకు కూడా 1 అనే చూపిస్తుంది.

అసలు జాగ్రత్త మందుల దగ్గర. తమ్ముడికి జ్వరం వచ్చిందని అతని మందుల జాబితాలో 'పుష్' చేసి జ్వరం మాత్ర చేర్చామనుకోండి. తమ్ముడికి సొంత జాబితా లేదు కదా! కంప్యూటర్ పైకి వెళ్ళి విద్యార్థి జాబితాలోనే మాత్ర చేరుస్తుంది. ఇక అన్న పేరు నొక్కినా జ్వరం మాత్రే కనబడుతుంది. రోగం ఒకరిది, మందు అందరిది! నర్సమ్మ దాన్ని నమ్మితే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఉపాయం సులువే. ఆబ్జెక్ట్ పుట్టగానే దానికి సొంతంగా ఒక ఖాళీ జాబితా ఇచ్చెయ్యాలి. ఆ తర్వాతే మందులు చేర్చాలి. వార్డెన్ గారు కాగితం రిజిస్టరులో ఒక్కొక్కరికి ఒక్కో పేజీ పెట్టేది ఇందుకే. అందరికీ ఒకటైనవి పైన ఉంచాలి, ఎవరివి వారికైనవి వారి దగ్గరే ఉంచాలి.

2015లో 'క్లాస్' అనే మాట వచ్చింది గాని, దాని లోపల పనిచేసేది ఈ ప్రోటోటైపే.

మీకో ప్రశ్న: ఇప్పుడు విద్యార్థి గదిని 3 చేస్తే అన్న గది ఎంత? తమ్ముడి గది ఎంత? జవాబు ఈ కాగితం కింద పెన్సిలుతో రాయండి.