ఐస్ హాకీ: ఆటగాడి విలువ కట్టే కొలువులు

ముందే చెప్పేస్తే మంచిది. విజయవాడలోనో వరంగల్‌లోనో పుట్టి పెరిగి, డిగ్రీ వయసులో ఐస్ హాకీ నేర్చుకుని నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడడం జరిగే పని కాదు. కెనడా పిల్లలు నాలుగైదేళ్లకే స్కేట్లు కట్టుకుంటారు. బాగా ఆడేవాళ్లు పదహారేళ్లకే జూనియర్ లీగుల్లో ఉంటారు. సెప్టెంబరు 15 నాటికి 18 నిండేవాళ్లు ఆ ఏడాది డ్రాఫ్ట్‌కు, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమానికి, అర్హులు. మన దేశంలో ఈ ఆటకు అసలు ఇల్లు లద్దాఖ్. 2025లో యూఏఈలో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం గెలిచిన మన మహిళల జట్టులో ఎక్కువ మంది ఆ ప్రాంతం వాళ్లే.

అయితే ఎన్‌హెచ్‌ఎల్‌కు ఆటగాళ్లతో పాటు, ఆటగాళ్లను అంచనా వేసేవాళ్లూ కావాలి. లెక్కలు, కోడింగ్ వచ్చిన మన విద్యార్థులకు సందు ఉన్నది ఇక్కడే.

ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, జట్టుకు 23 మంది. మొత్తం 736 స్థానాలు. వాటికోసం ఒక్క కెనడాలోనే ఐదు లక్షలకు పైగా రిజిస్టర్డ్ ఆటగాళ్లున్నారు, అమెరికాలోనూ అంతే. స్వీడన్, ఫిన్లాండ్, రష్యా, చెకియా, స్విట్జర్లాండ్, జర్మనీ వేరే. లీగ్‌లో పదింట నాలుగు స్థానాలు ఇప్పటికీ కెనడా వాళ్లవే అయినా, ఎక్కడినుంచి ఎవరు వస్తారో ఊహించలేం. లాస్ ఏంజెలస్ కింగ్స్‌కు రెండు స్టాన్లీ కప్పులు (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే ట్రోఫీ) గెలిచిపెట్టిన ఆంజె కోపిటార్‌ది స్లొవేనియాలోని యెసెనిత్సె అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊరు. 2016 డ్రాఫ్ట్‌లో మొదటి పేరు ఆస్టన్ మాథ్యూస్‌ది. పెరిగింది అరిజోనా ఎడారిలో. డ్రాఫ్ట్‌కు ముందు ఏడాది జ్యూరిక్ వెళ్లి పెద్దవాళ్ల లీగ్‌లో ఆడొచ్చాడు.

చిక్కంతా వీళ్లను పోల్చడంలోనే ఉంది. ఒక కుర్రాడికి ఇంటర్ బోర్డులో 950 మార్కులు, ఇంకొకడికి సీబీఎస్‌ఈలో 92 శాతం వస్తే ఎవరు మెరుగని ఎలా తేలుస్తాం? కెనడాలోని సస్కచ్చెవాన్ జూనియర్ జట్టులో 40 గోల్స్ కొట్టిన పిల్లాడినీ, ఫిన్లాండ్ సీనియర్ లీగ్‌లో రాత్రికి పది నిమిషాలే ఆడి 6 గోల్స్ కొట్టిన పిల్లాడినీ పక్కపక్కన పెట్టడం అలాంటిదే. అందుకే విశ్లేషకులు ఒక లీగ్ నుంచి ఇంకో లీగ్‌కు మారిన ఆటగాళ్ల పాత రికార్డులు తీసి, ఇక్కడి గోల్ అక్కడ ఎంతకు సమానమో గుణకాలు కడతారు. వయసు, ఆడిన నిమిషాలు, పక్కన ఆడినవాళ్ల స్థాయి కూడా అందులో కలుపుతారు.

ఇంత చేసినా గురి తప్పుతూనే ఉంటుంది. 1998లో డెట్రాయిట్ జట్టు స్కౌట్ (కొత్త ఆటగాళ్లను వెతికేవాడు) హాకన్ ఆండర్సన్ రష్యాలో మరో ఆటగాణ్ని చూడడానికి వెళ్లి, అదే మ్యాచ్‌లో సన్నగా ఉన్న పావెల్ దత్స్యుక్‌ను గమనించాడు. డెట్రాయిట్ అతణ్ని 171వ పేరుగా తీసుకుంది. అతను రెండు స్టాన్లీ కప్పులు గెలిచి, 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. 2015లో 135వ పేరుగా పోయిన కిరిల్ కప్రిజోవ్ రష్యా లీగ్‌లో ఒప్పందం ముగించుకుని 2020లో గానీ మిన్నెసోటా జట్టుకు రాలేదు. 2025లో అదే జట్టు అతనితో ఎనిమిదేళ్లకు 13.6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో అప్పటికి అంత పెద్ద ఒప్పందం లేదు. ఏడు రౌండ్లలో 224 పేర్లు చదివే ఈ డ్రాఫ్ట్‌లో 135వ నంబరులో ఇలాంటివాణ్ని ఒక్కణ్ని పట్టుకున్నా విశ్లేషకుడికి ఏళ్ల జీతం గిట్టుబాటే.

విశ్లేషకులు ఈ ఉద్యోగాల్లోకి ఎలా వెళ్లారో చూస్తే ఎరిక్ టల్స్కీ కథ చెప్పకుండా ఉండలేం. బర్క్‌లీలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ, నానోటెక్నాలజీలో ఉద్యోగం. తీరిక వేళల్లో హాకీ మీద రాసేవాడు. అతనికి ఒక చిన్న సందేహం వచ్చింది. ప్రత్యర్థి జోన్‌లోకి పక్‌ను (ఆడే రబ్బరు బిళ్లను) తమ అధీనంలో ఉంచుకుని వెళ్లడం మేలా, లేక లోపలికి కొట్టేసి వెంట పరుగెత్తడం మేలా? దీనికి డేటా ఎక్కడా లేదు. దాంతో అతనూ, తోటి అభిమానులూ మ్యాచ్‌లు చూస్తూ ఒక్కో ఎంట్రీని చేత్తో నమోదు చేశారు. పక్‌తో వెళ్లినప్పుడు షాట్లు రెట్టింపుకు పైగా వస్తున్నాయని తేలింది. కోచ్‌లు తరతరాలుగా చెబుతున్నదానికి ఇది ఎదురు లెక్క. కెరొలైనా హరికేన్స్ అతణ్ని పనిలోకి తీసుకుంది. 2024లో అతనే ఆ జట్టు జనరల్ మేనేజర్ అయ్యాడు.

అలెగ్జాండ్రా మాండ్రిక్కీ జార్జియా టెక్‌లో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ చదివి, మిత్రులతో కలిసి హాకీ గణాంకాల సైట్ నడిపింది. అక్కడినుంచి మిన్నెసోటా జట్టుకు, తర్వాత సియాటిల్ జట్టుకు వెళ్లింది. 2022లో అసిస్టెంట్ జనరల్ మేనేజర్. భారతీయ మూలాలున్న సన్నీ మెహతా ఒకప్పుడు పేకాట, అంటే పోకర్, వృత్తిగా ఆడినవాడు. ఫ్లోరిడా పాంథర్స్ వరసగా 2024, 2025లలో కప్పు గెలిచినప్పుడు ఆ జట్టు విశ్లేషణ విభాగం అతని చేతిలోనే ఉంది. ముగ్గురినీ లోపలికి చేర్చింది సర్టిఫికెట్ కోర్సులు కావని నా అభిప్రాయం. అవి వద్దనను గానీ, రెజ్యూమెలో పది కోర్సుల పేర్ల కంటే ఒక్క మంచి ప్రశ్నకు చేసిన లెక్క బరువుగా ఉంటుంది.

మొదలుపెట్టడానికి పైసా ఖర్చు లేదు. మనీపక్ సైట్‌లో 2007 నుంచి ఎన్‌హెచ్‌ఎల్ షాట్ల డేటా దింపుకోవచ్చు. పైథాన్‌లోనో ఆర్‌లోనో దూరం, కోణం, రీబౌండా కాదా అన్న మూడింటితోనే ఒక షాట్ గోల్ అయ్యే అవకాశాన్ని లెక్కించే నమూనా కట్టొచ్చు. లాజిస్టిక్ రిగ్రెషన్ తెలిసిన బీటెక్ విద్యార్థికి అది వారం పని. ఆ తర్వాత అది ఎక్కడ తప్పుతోందో రాయండి, అసలు విషయం అక్కడుంటుంది. కెనడా కంపెనీ స్టాత్‌లీట్స్ 2021లో మొదలుపెట్టిన బిగ్ డేటా కప్ పోటీ డేటా కూడా సాధనకు పనికొస్తుంది. వారానికి రెండు మ్యాచ్‌లైనా పూర్తిగా చూడాలి. ఆట తెలియని విశ్లేషకుణ్ని కోచ్ మొదటి మీటింగ్‌లోనే కనిపెట్టేస్తాడు.

ఇక చేదు మాట. ఈ పోస్టులు చాలా తక్కువ. ఇదే పనికి మామూలు కంపెనీల్లో అయితే జీతం రెట్టింపు కూడా ఉండొచ్చు. విదేశీ విద్యార్థికి వీసా మరో అడ్డంకి. ఎన్‌హెచ్‌ఎల్ ఒక్కటే లక్ష్యంగా అమెరికాలో ఎమ్మెస్‌కు అప్పు చేయకండి. ఇక్కడ నేర్చిన పద్ధతులే క్రికెట్, ఫుట్‌బాల్ జట్లకూ, వాటికి డేటా అమ్మే కంపెనీలకూ పనికొస్తాయి.

అమెరికా, కెనడాల్లో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఆట దారే తెరిచి ఉంది. టెక్సస్‌లో మనవాళ్లు గుంపుగా ఉండే ఫ్రిస్కోలోనే ఎన్‌హెచ్‌ఎల్ జట్టు డాలస్ స్టార్స్ సాధన చేస్తుంటుంది. కెనడాలోని సర్రీలో పెరిగిన పంజాబీ కుర్రాడు అర్ష్‌దీప్ బైన్స్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. అయినా 2024లో వాంకూవర్ తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. అమ్మాయిలకు 2024 జనవరిలో మొదలైన మహిళల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ ఉంది. ఖర్చు మాత్రం క్రికెట్ కోచింగ్‌తో పోల్చేది కాదు: ప్యాడ్లు, స్కేట్లు ఏటా చిన్నవైపోతాయి, రింక్‌కు గంటల లెక్కన అద్దె, శని ఆదివారాల్లో పక్క రాష్ట్రాలకు ప్రయాణం. చేర్పించే ముందు ఆ క్లబ్బులోనే పిల్లలున్న ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల్ని ఏడాది మొత్తానికి ఎంతవుతోందో అడిగి రాసుకోండి.