ఒళ్ళు మరవదు

విశాఖ రేవు దగ్గర, ఉక్కు ఫ్యాక్టరీ చుట్టుపక్కల కూలిచేసి బతికే ఇళ్ళున్నాయి. కొందరు పిల్లలకు వేళకు తిండి ఉండదు. కొన్ని ఇళ్ళలో రోజూ తగాదాలు, దెబ్బలు. "పెద్దయితే మరిచిపోతార్లే" అంటారు. మనసు మరచినా ఒళ్ళు మరవదు.

హైదరాబాదు దగ్గరి పల్లెల్లో ఇది తేలింది. 1987-90లో కొన్ని ఊళ్ళలో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అంగన్‌వాడీ తిండి పెట్టారు. పక్క ఊళ్ళకు అప్పటికి అది రాలేదు. 2003-05లో ఆ పిల్లల్ని పరీక్షించారు. తిండి అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. రక్తనాళాలు అంతగా గట్టిపడలేదు. అంటే షుగరు, గుండెజబ్బు ముప్పు తగ్గే గుర్తులు.

రోజూ భయంతో పెరిగినా ఆ ముప్పు ఎక్కువే.

బిడ్డను అంగన్‌వాడీకి పంపాలి. కొట్టకూడదు. చిన్నప్పుడు పస్తులున్న తల్లులు బీపీ, షుగరు పరీక్ష చేయించుకోవాలి.

ఆలోచించండి: మీ వాడలో అంగన్‌వాడీకి పోని పిల్లలెందరు?