గీత నుండి వ్రాతకు

నిత్యం వాడే మాటల చరిత్రను సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. ఆంగ్లంలో ‘వ్రాయు’ అనే అర్థం గల ‘రైట్’ అటువంటి క్రియాపదం. దీనిని వ్రాసేటప్పుడు మొదట ‘డబ్ల్యు’ ఉండాలి. పలికేటప్పుడు ఆ అక్షరం వినిపించదు. విద్యార్థులు దానిని మరచి తప్పు వ్రాయడం కద్దు. పలకని అక్షరం పదంలో ఎందుకు నిలిచిందో తెలియాలంటే వెయ్యేళ్లకు పైగా వెనుకకు వెళ్లాలి.

ప్రాచీనాంగ్లంలో ఈ పదం ‘వ్రీటన్’. గీరుట, గీయుట, చెక్కుట దీని తొలి అర్థాలు. ఇంగ్లండులో స్థిరపడిన జర్మానిక్ తెగలవారు ‘రూన్’ లిపిని కర్ర, ఎముక, రాయి, లోహాలపై చెక్కేవారు. చెక్కడానికి అనువుగా ఆ అక్షరాలు చాలావరకు సరళరేఖలతో ఏర్పడ్డాయి. ప్రాచీనాంగ్ల వీరకావ్యమైన ‘బేవుల్ఫ్’లో ఖడ్గపు పిడిపై పురాతన కలహగాథ చెక్కి ఉన్నదని చెప్పేచోట ఈ క్రియ కనిపిస్తుంది. నాయకుడు మహాసర్పాన్ని నడిమికి చీల్చిన ఘట్టంలోనూ ఉపసర్గతో కూడి ఇదే క్రియ వచ్చింది. దీని జ్ఞాతిపదమైన జర్మన్ ‘రైసెన్’కు నేటికీ ‘చింపు’ అనే అర్థమే ప్రధానం.

క్రీ.శ. 597లో రోమ్ నుండి వచ్చిన క్రైస్తవ ప్రచారకులతో లాటిన్ లిపి, చర్మపత్రం, ఈకకలం ఇంగ్లండులో వ్యాప్తి చెందాయి. జర్మన్లు ‘వ్రాయు’ అనే అర్థంలో లాటిన్ పదాన్ని స్వీకరించి ‘ష్రైబెన్’ అన్నారు. ఆంగ్లేయులు మాత్రం సిరాతో చేసే కొత్త పనికీ పాత మాటనే నిలుపుకొన్నారు. లాటిన్ ‘స్క్రీబెరె’, గ్రీకు ‘గ్రాఫైన్’, సంస్కృత ‘లిఖ్’ ధాతువు కూడా గీయుట, గీరుట అనే అర్థాల నుండే ఎదిగాయి. వ్రాత ఎక్కడ మొదలైనా గీతతోనే మొదలైంది.

తెలుగువారు తాటియాకుపై గంటంతో గీసి వ్రాశారు. అడ్డగీతలకు ఆకు చీలుతుంది గనుకనే మన అక్షరాలు గుండ్రదనం పొందాయని పలువురి అభిప్రాయం. ‘వ్రాయు’ అనే మాటకు పూర్వం బొమ్మ గీయుట అనే అర్థమూ ఉండేది. తమిళ ‘వరై’ దీనికి జ్ఞాతిపదం. ‘వ్రాయు’ వాడుకలో ‘రాయు’ అయినట్లే, ఆంగ్లపదంలోని తొలి ధ్వని 17వ శతాబ్ది ప్రాంతంలో ఉచ్చారణ నుండి జారిపోయింది. ‘వ్రీటన్’, ‘వ్రాయు’ అనే మాటలు చెవికి దగ్గరగా వినిపించినా వాటికి బంధుత్వం లేదు. మొదటిది ఇండో-యూరోపియన్ కుటుంబానిది, రెండవది ద్రావిడ కుటుంబానిది. ధ్వనిసామ్యం ఒక్కటే చుట్టరికానికి సాక్ష్యం కాదు.

నేడు సెల్‌ఫోన్ తెరపై వేలితో తాకితే చాలు, అక్షరం వెలుస్తుంది. అక్కడ గీరడం లేదు, సిరా లేదు. అయినా ఆ పనిని ‘వ్రాయడం’ అనే అంటున్నాం. పనిముట్లు మారినా మాట నిలిచింది. పలకని ఆ అక్షరం కూడా పూర్వుల నోట పలికిన ధ్వనికి మిగిలిన గుర్తు.

కఠిన పదాలు
జ్ఞాతిపదం = ఒకే మూలం నుండి పుట్టిన పదం
గంటం = తాటియాకుపై వ్రాసే ఇనుప సాధనం
ధ్వనిసామ్యం = ఉచ్చారణలో పోలిక

ప్రశ్నలు
1. ‘రైట్’ క్రియాపదం అర్థంలో వచ్చిన మార్పును వివరించండి.
2. ధ్వనిసామ్యాన్ని బట్టి పదాల బంధుత్వాన్ని నిర్ణయించవచ్చునా? సోదాహరణంగా చర్చించండి.